అడవి బడిలో చదివిన ఆచార్యుడు
క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ (1909–1995)

మన పాలమూరు సీమకు దక్షిణపు కొసను, కృష్ణానదికి పైగట్టున, అమ్రాబాదు పీఠభూమి కలదు. ఇది పూర్వము మహబూబునగరు జిల్లాలోనిది. 2016 నుండి నాగరుకర్నూలు జిల్లాలోనిది. ఇచ్చటి చెంచుల జీవనమును లోకమునకు తెలిపిన విద్వాంసుడు హైమెండార్ఫ్ గారు.

వీరు 1909వ సంవత్సరమున ఆస్ట్రియా రాజధానియగు వియన్నాలో జన్మించిరి. అచ్చటనే మానవశాస్త్రమున డాక్టరు పట్టమును పొంది, 1936లో భారతదేశమునకు వచ్చి నాగాజాతుల నడుమ పరిశోధన గావించిరి. 1939లో రెండవ ప్రపంచ యుద్ధము ప్రారంభము కాగా, శత్రుదేశపు పౌరుడను కారణమున ఆంగ్ల ప్రభుత్వము వారిని హైదరాబాదు సంస్థానము దాటి పోరాదని కట్టడి చేసెను. ఆ నిర్బంధమే మనకు మేలయ్యెను. 1940లో ఆయన సతీమణి బెట్టీగారితో అమ్రాబాదు అడవులను ప్రవేశించి, చెంచు పెంటల చెంత నివసించిరి.

చెంచు బాలునకు అడవియే బడి, తల్లిదండ్రులే గురువులు. ఏ తీగ క్రింద తినదగిన గడ్డ యుండునో, దానిని తవ్వుకోలతో నెట్లు పెకలింపవలెనో, ఎండకాలమున నీటి చెలమ యెచ్చట దొరకునో, చెకుముకిరాతితో నిప్పెట్లు రాల్చవలెనో, కొండచరియ నుండి త్రాట వ్రేలాడి తేనెపట్టు నెట్లు కోయవలెనో వాడు పెద్దల వెంట తిరిగి నేర్చును. పుస్తకము లేని ఈ విద్యలో తప్పిన వానికి మరల పరీక్ష లేదు. ఆకలియో, అపాయమో తప్పదు. ఈ జీవనమునంతయు ఆచార్యులవారు ఓపికతో పరిశీలించి, 1943లో ఆంగ్లమున గ్రంథముగా ప్రకటించిరి.

అడవిపై హక్కు పోయిన, ఆ విద్యయు పోవును. పల్లెల చేరువకు వచ్చిన చెంచులు పరుల పొలములలో కూలికి కుదురుటను కూడ ఆయన చూచిరి. వారి సిఫారసుపై నిజాము ప్రభుత్వము సుమారు లక్ష ఎకరముల అడవిని చెంచులకై ప్రత్యేకించెను. 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దు శిక్షణ కేంద్రము వారి కృషిచే వెలసెను. అక్షరవిద్య గిరిజనుని ఇంటి భాషను, బ్రతుకుతెరువును కాదనక వానికి తోడు నిలువవలెనను తలంపు అందు గలదు.

తరువాత వారు లండను విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి; అయినను పలుమారు ఈ సీమకు వచ్చుచునేయుండిరి. 1987లో హైదరాబాదున గతించిన బెట్టీగారి సమాధి మార్లవాయిలోనే కలదు. ఆచార్యులు 1995లో లండనున స్వర్గస్థులైరి.

నేడు ఉన్నత పాఠశాలల బాలబాలికలను అడవులు చూపుటకు గొనిపోవు ఉపాధ్యాయులు ఒక చెంచు పెద్దను గురువుగా పిలుచుకొందురుగాక. దారి గుర్తుంచుకొనుట, నీటిజాడ తెలియుట, ఎరుగని కాయను నోట పెట్టకుండుట, అవసరమునకు మించి కోయకుండుట అను పాఠములు ఆయన చెప్పినట్లు వేరొకరు చెప్పలేరు. వియన్నాలో పట్టము పొందిన పండితుడే ఆ గురువుల యెదుట శిష్యుడై కూర్చుండెను. మన పిల్లలు కూర్చుండుటకు సంకోచమేల?