మారంగ్ గోమ్కే జైపాల్ సింగ్ ముండా

మా హాస్టల్లో సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడతారు. గోల్ స్తంభాలు లేవు, రెండు వైపులా ఇటుకలు పెట్టుకుంటారు. మనవాళ్ళు ఎవరైనా దేశం తరఫున ఆడారా మేడం అని ఒక తండా పిల్ల అడిగింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ నాగా కొండల బిడ్డ తలిమెరెన్ ఆవో అని చెప్పాను. ఆ జట్టులో చాలామంది బూట్లు లేకుండానే ఆడి, ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడారంటే పిల్లలు నోరు వెళ్ళబెట్టారు. అంతకు ఇరవై ఏళ్ళ ముందే హాకీ జట్టును నడిపించి, తర్వాత ఓట్ల రాజకీయంలోకి దిగిన ముండా బిడ్డ ఇంకొకరున్నారు. ఈ సంచికలో ఆయన గురించే రాస్తున్నాను.

జైపాల్ సింగ్ 1903 జనవరి 3న ఇప్పటి ఝార్ఖండ్‌లోని ఖూంటీ ప్రాంతం, టక్రా గ్రామంలో పుట్టారు. చిన్నప్పటి పేరు ప్రమోద్ పాహన్. రాంచీ మిషన్ బడిలో చదువుతుండగా అక్కడి ప్రధానోపాధ్యాయుడు గుర్తించి ఇంగ్లండ్ తీసుకెళ్ళారు. ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ జాన్స్ కాలేజీలో అర్థశాస్త్రం చదివారు, యూనివర్సిటీ హాకీ జట్టులో చోటు సంపాదించారు. ఐసీఎస్‌కు కూడా ఎంపికయ్యారు.

1928లో భారత్ మొదటిసారి ఒలింపిక్ హాకీకి వెళ్ళింది, కెప్టెన్‌గా ఆయనను పెట్టారు. ఐసీఎస్ శిక్షణలో సెలవు ఇవ్వమన్నారు. అయినా ఆయన ఆమ్‌స్టర్‌డాం వెళ్ళారు, చివరికి ఆ కొలువే వదిలేశారు. జట్టు అయిదు మ్యాచుల్లో 29 గోల్స్ కొట్టింది, ఒక్కటీ ఇవ్వలేదు. అందులో 14 ధ్యాన్‌చంద్‌వే. మే 26న ఫైనల్లో హాలండ్‌పై 3-0. కానీ ఆ ఫైనల్లో కెప్టెన్ లేరు. జట్టు మేనేజర్‌తో పడక మధ్యలోనే వెళ్ళిపోయారంటారు. ఎక్కువమంది ఆంగ్లో ఇండియన్లున్న జట్టులో ఒక ఆదివాసీ కెప్టెన్‌కు ఎలా గడిచిందో మనం ఊహించుకోవచ్చు. బంగారు పతకం కథ చెప్పేటప్పుడు చాలామంది ధ్యాన్‌చంద్ దగ్గరే ఆగిపోతారు.

తర్వాత ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌లో, రాయ్‌పూర్ రాజ్‌కుమార్ కాలేజీలో బోధించారు, బికనీర్ సంస్థానంలో పనిచేశారు. హాయిగా బతకగలిగే దారి అది. 1939లో రాంచీలో ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడయ్యారు. అక్కడినుంచి వెనక్కి చూడలేదు. జనం ఆయనను మారంగ్ గోమ్కే అన్నారు, ముండారీలో పెద్ద నాయకుడని అర్థం.

రాజ్యాంగ సభలో ఆయన మాట్లాడిన తీరు మన పిల్లలు తప్పక తెలుసుకోవాలి. తాను జంగ్లీనని చెప్పుకోవడానికి ఆయనకు సిగ్గు లేదు. ఆదివాసులకు ప్రజాస్వామ్యం ఎవరూ నేర్పనక్కర్లేదని, వాళ్ళ దగ్గరే మిగతావాళ్ళు నేర్చుకోవాలని 1946 డిసెంబరులో సభకే చెప్పారు. సభలో మగవాళ్ళే ఎక్కువున్నారు, ఆడవాళ్ళు ఇంకా రావాలన్నారు. ఆ మాట నాకు చాలా ఇష్టం. మద్యనిషేధం చర్చకు వచ్చినప్పుడు, మా పూజల్లో బియ్యపు కల్లు భాగమని అభ్యంతరం చెప్పారు. ఇప్పసారా పోయకుండా దేవుడికి మొక్కని గోండు గూడేల వాళ్ళకు ఈ వాదన వివరించక్కర్లేదు. హాస్టల్ వార్డెన్‌గా తాగుడు ఇళ్ళను ఏం చేస్తుందో రోజూ చూస్తాను కాబట్టి నేను పూర్తిగా ఒప్పుకోలేను. కానీ మమ్మల్ని అడగకుండా మా ఆచారం మీద చట్టమేంటన్న ఆయన ప్రశ్న న్యాయమైనదే.

1950లో ఝార్ఖండ్ పార్టీ పెట్టారు. ఎన్నికల గుర్తు కోడిపుంజు. 1952 ఎన్నికల్లో బీహార్ శాసనసభలో 32 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. ఆయన లోక్‌సభకు ఎన్నికయ్యారు, చనిపోయేదాకా ఎంపీగానే ఉన్నారు. అడిగిందొకటే, ప్రత్యేక రాష్ట్రం. 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం ఝార్ఖండ్‌కు కాదంది. అదే సంఘం హైదరాబాద్‌ను అప్పటికి విడి రాష్ట్రంగానే ఉంచమంది, అయినా మనల్ని 1956లో కలిపేశారు. మాది చింతమడక, తెలంగాణ తొలి ముఖ్యమంత్రి పుట్టిన ఊరు. ఆ నివేదిక మాట మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఎత్తుతారు.

1962 నాటికి పార్టీ బలం 20కి పడిపోయింది. 1963లో పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. బీహార్‌లో కొద్దికాలం మంత్రిగా ఉన్నారు. రాష్ట్రం మాత్రం రాలేదు. అది పెద్ద తప్పని ఆయన్ను ప్రేమించేవాళ్ళే అంటారు, నేనూ అంటాను. పార్టీని నమ్మి కోడిపుంజుకు ఓటేసిన పల్లెలకు ఎవరు జవాబు చెప్పాలి?

1970 మార్చి 20న ఢిల్లీలో కన్నుమూశారు. ఝార్ఖండ్ 2000 నవంబరు 15న ఏర్పడింది. ఇప్పుడు ఆయన పేరుమీదే ఆ రాష్ట్ర ప్రభుత్వం ఆదివాసీ విద్యార్థులకు విదేశీ చదువుల స్కాలర్‌షిప్ ఇస్తోంది.

ఇదంతా చెప్పాక ఆ తండా పిల్ల అడిగిన రెండో ప్రశ్న, మరి ఆయన ఫైనల్ ఆడలేదు కదా మేడం, పతకం ఆయనదేనా అని. ఆయనదే అన్నాను.