విశ్వదాత అను పేరు ఎవరు పెట్టిరి?

ధ్యానమునకు: మత్తయి 5:14–16, 6:1–4. అపొస్తలుల కార్యములు 4:36–37, 5:1–11, 9:36–41. 2 కొరింథీయులకు 8:1–5, 18–21.

మనుష్యులు చూడవలెనని ధర్మము చేయువారినిగూర్చి ప్రభువు కొండమీద గట్టిగా హెచ్చరించెను. అట్టివారు కోరిన మెప్పు వారికి ఇక్కడనే చెల్లిపోయినది; తండ్రియొద్ద వారికి రావలసిన బాకీ ఏమియు మిగులలేదు. ఈ బోధ వినుటకు సులభమే. అంగడి తెరచి కూర్చున్నవానికి పాటించుట మాత్రము సులభము కాదు.

మన సంఘములలో చిన్న వర్తకులు అనేకులున్నారు. మదనపల్లెలో టమాటా మండీ నడుపువారు, పుంగనూరులో చిల్లర అంగడి పెట్టుకొన్నవారు, కుప్పము రైలుస్టేషను దగ్గర టీకొట్టుతో జీవించువారు మనలో లేరా? వారిలో కొందరు లాభములో ఒక భాగమును తీసి అనాథ పిల్లలకో, విధవరాండ్రకో, గుడి కప్పుకో ఇచ్చుచున్నారు. ఈ సంగతిని సరుకు కొనవచ్చినవారికి చెప్పవచ్చునా? ఇక్కడ కొన్న ప్రతి రూపాయిలో ఇంత ధర్మమునకు పోవునని బోర్డు కట్టవచ్చునా? చెప్పినయెడల నలుగురు మెచ్చి నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చును, ధర్మమును పెరుగును. చెప్పకపోయినయెడల పక్క అంగడివానికే బేరము పోవును. ఇది నిజమైన చిక్కే.

దీనికి జవాబు వెదకుటకు ఒక గొప్ప వర్తకుని జీవితమును చూతము. ఆయన మన సంఘస్థుడు కాడు. అయినను పొరుగువాడెవడని అడిగినవానికి ప్రభువు సమరయుని చూపెను గదా. మంచి ఎక్కడ కనబడినను నేర్చుకొనుటకు మనము సిగ్గుపడనక్కరలేదు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867వ సంవత్సరము మే నెల 1వ తేదీన కృష్ణా జిల్లాలో ఒక బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. పై చదువు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి 1891లో పట్టభద్రులైరి. ఆ కాలమున ఆ కళాశాలకు ప్రిన్సిపాలు స్కాట్లండునుండి వచ్చిన మిషనరీ విలియం మిల్లరుగారు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు వివేకవర్ధని పత్రికలో వ్రాసిన వ్రాతలు యువకుడైన నాగేశ్వరరావుగారి మనస్సును కదిలించినవి. పట్టము చేతికి వచ్చిన వెంటనే సర్కారు ఉద్యోగము వెదకుట ఆనాటి వాడుక. ఆయన ఆ దారిని పోలేదు. కలకత్తాలో ఒక మందుల కొట్టులో పనిచేసిరి. పిదప బొంబాయికి పోయిరి. అక్కడనే 1893లో తలనొప్పికి, ఒంటినొప్పులకు పూసుకొను పసుపుపచ్చని మందును తయారుచేసి అమ్మనారంభించిరి. అదియే అమృతాంజనము.

కొత్త మందును ఎవరు కొందురు? పంతులుగారు సంగీత కచేరీలు జరుగు చోటులకు పోయి దానిని ఊరకనే పంచిపెట్టిరి. పూసుకొన్నవారికి గుణము కనబడెను. తరువాత వారే డబ్బిచ్చి కొనిరి. ఈ పంపకమును మనము జాగ్రత్తగా గమనింపవలెను. అది ధర్మము కాదు, వ్యాపారము. రుచి చూపి సరుకమ్ముట వంటిది. అందులో తప్పేమియు లేదు. సరుకు మంచిదైనప్పుడు వర్తకుడు దాని గుణమును బిగ్గరగా చెప్పుకొనవచ్చును. కాని రుచి చూపుటను దానమని పిలిచినయెడల అది అబద్ధమగును.

మందు ఇంటింటికి చేరెను. పంతులుగారు ధనవంతులైరి. ఇక ఆ ధనము ఎక్కడికి పోయెను?

1907లో సూరతు కాంగ్రెసు మహాసభకు వెళ్ళినప్పుడు తెలుగువారికి మంచి పత్రిక లేని లోటు ఆయనకు తోచెను. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించిరి. 1914లో దానిని మద్రాసునకు తెచ్చి దినపత్రికగా నడిపిరి. 1924లో భారతి అను సాహిత్య మాసపత్రికను, 1926లో ఆంధ్ర గ్రంథమాలను ప్రారంభించిరి. అచ్చుకు నోచుకొనని పాత కావ్యములను అచ్చువేయించిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు 1923లో మరణించి తెలుగు విజ్ఞానసర్వస్వము పని నిలిచిపోయినప్పుడు దానిని తలకెత్తుకొనిరి. గ్రంథాలయములకు తోడుపడిరి. ఉప్పు సత్యాగ్రహ దినములలో చెరసాలకును పోయిరి. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఆయనను కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించెను.

మన సీమకును ఆయన ఇంటితో సంబంధమున్నది. 1937 నవంబరు 16వ తేదీన కోస్తా నాయకులు, రాయలసీమ నాయకులు మద్రాసులో ఆయన ఇల్లయిన శ్రీబాగులో కూర్చుండి ఒక ఒడంబడికకు వచ్చిరి. నీళ్ళలో, చదువులో, రాజధాని విషయములో వెనుకబడిన సీమకు న్యాయము జరుగవలెనని ఆ ఒడంబడిక కోరినది. మదనపల్లె, పుంగనూరు, కుప్పము అప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండెను గనుక అది మన తాతల సంగతియే. 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు కర్నూలు రాజధాని అగుటకు ఆ మాటయే ఆధారము. ఒడంబడిక జరిగిన కొద్ది నెలలకే, 1938 ఏప్రిల్ 11వ తేదీన, పంతులుగారు కన్నుమూసిరి.

ప్రజలు ఆయనను విశ్వదాత అనిరి, దేశోద్ధారకుడనిరి. చేతిలో దినపత్రికయే ఉన్న వర్తకునికి తన దానములను తానే ఊరూరా చాటుకొనుట ఎంత సులభము! అయినను విశ్వదాత అను పేరు ఆయన తనకు తాను పెట్టుకొన్నది కాదు; ఇతరుల నోట పుట్టినది. ఇంకొక సంగతి. ఆయన మరణించి ఎనుబది యేండ్లు దాటినను అమృతాంజనము నేటికిని అమ్ముడుపోవుచున్నది. కొనువాడు ఆయన దానములను తలచుకొని కొనుట లేదు. తలనొప్పి తగ్గునని కొనుచున్నాడు. సరుకు తన గుణముమీద నిలిచినది. దానము తన ఫలముమీద నిలిచినది. ఒకదానికి రెండవది ఊతకర్ర కాలేదు.

ఇప్పుడు వాక్యమును చూడుడి. కుప్రవాసియైన యోసేపు తన భూమిని అమ్మి ఆ రూకలు అపొస్తలుల పాదములయొద్ద పెట్టెను. బర్నబా, అనగా ఆదరణ పుత్రుడు, అను పేరు అతనికి అపొస్తలులు పెట్టినదే. ఆ దానమును మనకు తెలిపినది లూకా కలము. బర్నబా నోరు కాదు. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు ఆమె కుట్టిన అంగీలను పేతురునకు చూపినవారు ఏడ్చుచున్న విధవరాండ్రు. మాసిదోనియ సంఘములు బీదతనములోనే ధారాళముగా ఇచ్చిన సంగతిని కొరింథునకు తెలిపినవాడు పౌలు. మాసిదోనియవారు తామే చెప్పుకొనలేదు. ఈ మూడు చోటులలోను క్రమము ఒక్కటే: ఇచ్చినవాని నోరు ఊరకున్నది, పుచ్చుకొన్నవారి నోరు, చూచినవారి నోరు తెరువబడినది. మన వెలుగు మనుష్యులయెదుట ప్రకాశింపవలెనని చెప్పిన ప్రభువే ఎడమచేతికి తెలియనియ్యవద్దని చెప్పుటలో వైరుధ్యము లేదు. దీపము వెలుగుటయే దాని పని. నన్ను చూడుడని కేకవేయుట దాని పని కాదు. చూచినవారు మహిమపరచవలసినది తండ్రిని, దీపమును కాదు.

మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ పేరుతో ఆసుపత్రి ఉన్నది. ఆ ఊరికి దగ్గరనే, అనేక మిషనులు చేతులు కలుపగా 1912లో ఆరంభమైన క్షయరోగుల ఆసుపత్రి ఏ దాత పేరును లేక ఆరోగ్యవరము అను పేరుతో నిలిచినది. ఒకదానిమీద పేరున్నది, ఒకదానిమీద లేదు. రోగి మాత్రము రెంటికిని స్వస్థతకొరకే పోయెను. గోడమీది పేరు పాపము కాదు. పేరుకొరకే గోడ కట్టుట ఇచ్చినవానికి నష్టము.

అయితే అననీయ, సప్పీరాల కథను మరువరాదు. ఆ భూమి వారిదే. అమ్మిన తరువాతను ఆ సొమ్ము వారి చేతిలోనే ఉండెను. సగమిచ్చి సగమని చెప్పియుంటే తప్పులేదు. ఇచ్చినదానికంటె ఎక్కువ కనబడవలెనని కోరుటయే వారి నాశనము. అంగడి బోర్డునకు ఈ కథ నేరుగా తగులును. ప్రతి రూపాయిలో ఇంత ధర్మమునకని వర్తకుడు వ్రాసిన క్షణమునుండి అది అతని దానము కాదు, అతని అప్పు. కొన్నవాడు ఆ మాటను నమ్మి పక్క అంగడిని విడిచి వచ్చినాడు. ఆ సొమ్ములో కొన్నవాని భాగమున్నది. కావున పైసతో సహా లెక్క చూపవలెను. యెరూషలేము పరిశుద్ధులకొరకు చందా పోగుచేసినప్పుడు పౌలు ఒంటరిగా మోసుకొనిపోలేదు. సంఘములు ఏర్పరచిన సహోదరులను తోడు తీసికొనెను. దేవుని దృష్టియందే గాక మనుష్యుల దృష్టియందును యోగ్యముగా నుండవలెనని అతని కోరిక. మన దేశములో 2013నాటి కంపెనీల చట్టము పెద్ద కంపెనీలు సగటు లాభములో నూటికి 2 వంతులు సమాజ హితమునకు వెచ్చించి, ఆ వివరమును తమ వార్షిక నివేదికలో చూపవలెనని నియమించినది. అది డంబము కాదు, లెక్క. లెక్క చెప్పుట వేరు, గొప్ప చెప్పుకొనుట వేరు.

కావున వర్తకులైన మన సహోదర సహోదరీలకు మేము చెప్పునది ఇది. మీ సొంత లాభములోనుండి మీరిచ్చునది మీకును తండ్రికిని మధ్యనే ఉండనియ్యుడి. ఎవరైనను అడిగినయెడల అబద్ధమాడవద్దు. ఒక్క మాటలో చెప్పి తూకమువైపు తిరుగుడి. ఇతరుల సొమ్ము ధర్మము పేరిట మీ గల్లాపెట్టెలో పడినయెడల మాత్రము మౌనము తగదు. ఎంత వచ్చినది, ఎంత పోయినది, ఎవరి ఎదుట ఇచ్చినది వ్రాసి గోడకు అంటించుడి. మీరు సాయము చేసిన బిడ్డ పేరును, ముఖమును సరుకుతో కలిపి చూపవద్దు. ఆ బిడ్డ రేపు అదే వీధిలో తల యెత్తుకొని నడువవలెను.

అన్నిటికంటె ముందు తక్కెడను చూచుకొనుడి. దొంగ త్రాసు యెహోవాకు హేయమని సామెతల గ్రంథము, బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టునని యాకోబు పత్రిక మనకు నేర్పినవి. మండీలో బరువెత్తు కూలివానికి శనివారము ఇవ్వవలసినది సోమవారమునకు త్రోసి, ఆదివారము కానుకపళ్ళెములో పెద్ద నోటు వేయుట దానము కాదు. అది అతని సొమ్మే. ధర్మపు బోర్డు తక్కువ తూకమునకు తెరగా మారు అపాయము ప్రతి అంగడిలోను ఉన్నది. సరియైన తూకమును పొందిన పేదవాడు ఇంటికి పోయి మీ అంగడిని గూర్చి చెప్పును. ఆ చెప్పు పనిని అతనికే విడిచిపెట్టుడి.

రహస్యమందు చూచు తండ్రి మన చేతులను, మన తక్కెడలను, మన నోళ్ళను కాపాడునుగాక. ఆమేన్.