మేమీ క్లార్క్ – నాలుగు బొమ్మలు

పసిబిడ్డ పలక పట్టుటకు ముందే లోకము కొన్ని పాఠములు నేర్పియుండును. ఆ పాఠములను కొలిచి చూపిన విదుషి మేమీ ఫిప్స్ క్లార్క్.

ఆమె 1917లో అమెరికా దక్షిణభాగమందలి అర్కన్సాస్ రాష్ట్రమున జన్మించెను. తండ్రి వైద్యుడు, ఇంట లోటు లేదు. ఐనను నల్లవారి బిడ్డ గనుక వేఱు బడిలోనే చదువవలసివచ్చెను. హోవర్డ్ విశ్వవిద్యాలయమున గణితము చదువబోయి, కెన్నెత్ క్లార్క్ ప్రోత్సాహముచే మనస్తత్త్వశాస్త్రమునకు మరలెను. పిదప ఆయననే వివాహమాడెను. తన జాతిని గూర్చిన యెఱుక శిశువునకు ఎట్లు కలుగుననునదే ఆమె ఎం.ఏ. పరిశోధనకు విషయము.

దంపతులిరువురును 3 మొదలు 7 ఏండ్ల వయస్సుగల 253 మంది నల్లజాతి పిల్లలకు నాలుగు బొమ్మలను చూపిరి. అన్నియు నొక్క మూసలోనివే; రెండు తెల్లనివి, రెండు గోధుమవన్నెవి. ఆటకు నూటికి 67 మంది తెల్ల బొమ్మను కోరిరి. నూటికి 59 మంది గోధుమవన్నె బొమ్మయే చెడ్డగానున్నదనిరి. నీవలె నున్న బొమ్మ యేదియను ప్రశ్నను చిట్టచివర నుంచిరి. అప్పటికే ఒక బొమ్మను చెడ్డదన్న పసివాడు, ఇపుడు దానినే తానని చూపవలెను! కొందఱు ఏడ్చుచు గది విడిచి పరుగెత్తిరి.

ఉపాధ్యాయులు గమనింపదగిన దొకటి కలదు. తెల్లవారితో కలిసి చదువుకొను ఉత్తరప్రాంతపు పిల్లలలో తెల్ల బొమ్మను కోరినవారు నూటికి 72 మంది; వేఱు బడుల దక్షిణమున 62 మంది. ప్రత్యర్థులు దీనిని ఎత్తిచూపకపోలేదు. బడి యొక్కటి మారినంతనే వీధియు, ఇల్లును, పుస్తకములోని బొమ్మలును మారునా?

1943లో కొలంబియా విశ్వవిద్యాలయమున ఆమె డాక్టరేటు పొందెను. గురువైన హెన్రీ గారెట్ జాతులకు పుట్టుకతోనే బుద్ధిభేదమున్నదని నమ్మినవాడు. 1952లో వర్జీనియాయందలి వ్యాజ్యమున ఆయన వేఱు బడులను సమర్థించి సాక్ష్యము చెప్పగా, శిష్యురాలే బోనెక్కి ఆ వాదమును ఖండించెను. 1954 మే 17న సుప్రీంకోర్టు ప్రభుత్వ పాఠశాలలలో వేర్పాటు రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పెను. అందు పేర్కొనబడినది భర్త రచన. కీర్తియు ఆయనకే అధికముగ దక్కెను. ఆ పరిశోధనకు మూలము మేమీయేయని ఆయన చెప్పుచునే యుండెను.

తీర్పునకు ఎనిమిదేండ్లు ముందే, 1946లో, తండ్రి అప్పుగా నిచ్చిన 946 డాలర్లతో న్యూయార్కులోని హార్లెమ్‌లో వారు నార్త్‌సైడ్ శిశుకేంద్రమును స్థాపించిరి. మందబుద్ధులని బడులు ముద్రవేసిన పిల్లలను అచ్చట మరల పరీక్షింపగా, పెక్కండ్రు సామాన్యబుద్ధి గలవారేయని తేలెను. చదువున వెనుకబడినవారికి చదువు చెప్పించుచు, తల్లిదండ్రులకు తోడుగ నిలుచుచు 1979 వరకు ఆ కేంద్రమును నడిపి, 1983లో ఆమె కన్నుమూసెను.