లెనార్డ్ కొవెల్లో: బస్తీని బడిలోకి తెచ్చిన ప్రిన్సిపాల్

అడ్మిషన్ల రోజుల్లో మా బడి ఆఫీసు ముందు ఎక్కువగా వినిపించే ప్రశ్నలు రెండు. ఇంట్లో మాట్లాడే భాషనే బళ్లోనూ నేర్పితే పిల్లవాడు వెనకబడిపోడా? పదో తరగతి తర్వాత వీణ్ణి పైచదువుకు పంపాలా, చేతిపని నేర్పే చోట వెయ్యాలా? ఈ రెండు ప్రశ్నల మీదే జీవితమంతా ఖర్చుపెట్టిన ఒక పంతులుగారి కథ ఈసారి మీకు చెబుతున్నాం. ఆయనది మన దేశం కాదు, మన భాషా కాదు. అయినా చదువుతుంటే ఎక్కడో విన్న సంగతిలా అనిపిస్తే ఆశ్చర్యపోకండి.

ఆయన పేరు లెనార్డ్ కొవెల్లో. నిజానికి అది ఆయన పుట్టినప్పటి పేరు కాదు. 1887లో దక్షిణ ఇటలీలోని అవిల్యానో అనే కొండ ఊళ్లో పుట్టినప్పుడు ఆయన లెయొనార్దో కొవియెల్లో. తండ్రి ముందుగా అమెరికా వెళ్లి, కొన్నేళ్లు కూలీనాలీ చేసి డబ్బు కూడబెట్టుకున్నాక 1896లో భార్యాబిడ్డలను న్యూయార్క్‌కు రప్పించుకున్నాడు. పిల్లవాడికి అప్పటికి తొమ్మిదో ఏడు నడుస్తోంది. వాళ్లు దిగింది ఈస్ట్ హార్లెమ్‌లో. నది పక్కన ఇరుకు ఇళ్లు, వీధంతా ఇటలీ వాళ్లే. అయినా ఒక ఊరివాళ్ల యాస ఇంకో ఊరివాళ్లకు సరిగా అర్థమయ్యేది కాదు.

మొదట చేరింది ఒక ధర్మసంస్థ నడిపే చిన్న బళ్లో. మధ్యాహ్నం పిల్లలకు సూప్ పోసేవారు కనక వీధిలో దాన్ని సూప్ బడి అనేవారు. ఒకరోజు ఆ బడి వాళ్లు పిల్లలకు ఓట్స్ పొట్లాలు కట్టి ఇంటికి పంపారు. లెనార్డ్ నాన్నకు ఆ తిండి ఏమిటో తెలియదు. వాళ్ల ఊళ్లో అలాంటివి పశువులకు పెట్టేవారు. పశువుల మేత నా ఇంటికి పంపుతారా అని ఆయన మండిపడ్డాడు. పంపినవాళ్లది మంచి ఉద్దేశమే. ఈయన కోపమూ న్యాయమైనదే. మధ్యలో నిలబడ్డ పిల్లవాడికి రెండూ తెలుసు గానీ, ఎవరికీ నచ్చచెప్పే మాట మాత్రం ఏ భాషలోనూ లేదు.

ఆ తర్వాత ఇంటిపేరు సంగతి. ప్రభుత్వ బళ్లో చేరాక ఒక టీచరు పలకడానికి సులువుగా ఉంటుందని కొవియెల్లోలో ఒక అక్షరం తీసేసి కొవెల్లో అని రాసింది. రిపోర్టు కార్డు మీద సంతకం పెట్టబోయిన నాన్న అది చూసి అడిగాడు. అబ్బాయి ఏం పోయింది, ఇదే తేలిక అన్నట్టు మాట్లాడాడు. తల్లికి మాత్రం కడుపు తరుక్కుపోయింది. ఆస్తి లేనివాళ్లకు పేరే ఆస్తి, దాన్నీ ఎవరో దిద్దేస్తే ఎలా అన్నది ఆమె బాధ. ఆ అక్షరం మళ్లీ రాలేదు. తమిళనాడులో స్థిరపడ్డ మన కుటుంబాలకు ఇది కొత్త కథ కాదు. ఇంటిపేరు స్కూలు రిజిస్టరు నుంచి జారిపోయి తండ్రిపేరు మొదటి అక్షరం మిగిలినవాళ్లు మనలో ఎంతమంది లేరు!

చదువు సాఫీగా ఏమీ సాగలేదు. తెల్లవారకముందే లేచి బేకరీ రొట్టెలు ఇళ్లకు వేసి, ఆ తర్వాత బడికి పరుగెత్తేవాడు. తల్లి జబ్బుపడింది, ఇంట్లో డబ్బు లేదు. హైస్కూలు మధ్యలో మానేసి పనిలో చేరాడు. మానేస్తున్నానని చెబితే బళ్లో ఎందుకని అడిగినవాళ్లు లేరట. ఆ మాట ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది. పెద్దయ్యాక ఆయన చేసిన పనులు చూస్తే ఆ ముల్లు ఎంత లోతుగా దిగిందో మీకే తెలుస్తుంది. కొంతకాలానికి శ్రేయోభిలాషుల ప్రోత్సాహంతో మళ్లీ బడికి వెళ్లి, స్కాలర్‌షిప్ మీద కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి 1911లో పట్టా పుచ్చుకున్నాడు. తర్వాత న్యూయార్క్‌లోనే డెవిట్ క్లింటన్ హైస్కూల్లో భాషల పంతులయ్యాడు. ఏ భాషలు? ఫ్రెంచి, స్పానిష్. ఆ బళ్లో ఇటలీ పిల్లలు ఎందరో ఉన్నారు, ఇటాలియన్ క్లాసు మాత్రం లేదు.

1914లో అక్కడి ఇటలీ పిల్లలతో ఒక చిన్న సంఘం మొదలైంది. కలిసి చదువుకోవడం, నాటకాలు వెయ్యడం, వీధిలో పెద్దవాళ్లకు ఇంగ్లిషు నేర్పడం. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో పనిచేసి వచ్చాక, ఆయన ఇటాలియన్‌ను మిగతా విదేశీ భాషలతో సమానంగా బళ్లో నేర్పాలని పట్టుబట్టాడు. అధికారులను ఒప్పించడం ఒక ఎత్తు, తల్లిదండ్రులను ఒప్పించడం ఇంకో ఎత్తు. సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగేవాడు. చాలామందికి అర్థం కాలేదు. ఇటాలియన్ మా ఇంట్లోనే ఉంది కదా, బడికి పంపేది ఇంగ్లిషు కోసం అనేవారు. ఇంట్లో ఉన్నది తమ ఊరి యాస. పుస్తకంలో ఉన్నది చదువుకున్నవాళ్ల ఇటాలియన్. ఆ యాసకు సిగ్గుపడి పిల్లలు ఇంట్లో నోరు విప్పడం మానేస్తుంటే, అమ్మానాన్నలతో ఉన్న తాడు తెగిపోతోందని ఆయన చూశాడు. 1922లో నగర విద్యామండలి ఇటాలియన్‌కు మిగతా భాషలతో సమాన హోదా ఇచ్చింది.

ఇక అసలు కథకు వద్దాం. 1930ల నాటికి అమెరికాలో హైస్కూలు రూపమే మారిపోయింది. 1910 ప్రాంతంలో పదిమంది పిల్లల్లో ఒక్కరే హైస్కూలు పూర్తిచేసేవారు. 1940కి సగం మంది పూర్తిచేస్తున్నారు. ఇంతమంది వచ్చేసరికి అందరికీ ఒకే చదువు ఎలా అన్న ప్రశ్న వచ్చింది. 1917లో కేంద్ర ప్రభుత్వం వృత్తివిద్యకు నిధులిస్తూ చట్టం చేసింది. 1918లో వచ్చిన ఒక ప్రసిద్ధ నివేదిక హైస్కూలుకు ఏడు లక్ష్యాలు పెట్టింది. వాటిలో మొట్టమొదటిది ఆరోగ్యం. ఆ రోజుల్నుంచి అక్కడి పెద్ద హైస్కూళ్లలో ఒకే కప్పు కింద కాలేజీకి వెళ్లే పిల్లలకు లెక్కలు, సైన్సు, భాషలు; ఇంకొందరికి వడ్రంగం, మెషీన్ షాపు, ఆఫీసు పని; అందరికీ జిమ్, ఆటలు ఉండేవి. వినడానికి బాగుంది. ఎవరు ఏ గదిలోకి వెళ్లాలి, అది ఎవరు నిర్ణయించాలి అన్నదగ్గరే తంటా.

ఈస్ట్ హార్లెమ్‌కు అబ్బాయిల హైస్కూలు కావాలని కొవెల్లో, ఆయన స్నేహితులు ఏళ్ల తరబడి అడిగారు. అడిగినప్పుడల్లా ఒక మాట వినిపించేది: ఆ బస్తీ పిల్లలకు వృత్తివిద్య బడి చాలు కదా అని. దీనికి వత్తాసుగా తెలివితేటల పరీక్షల మార్కులు చూపించేవారు. ఆ పరీక్షలు ఇంగ్లిషులో, అమెరికా ఇళ్లలో కనిపించే వస్తువుల గురించి. కొత్తగా వచ్చిన ఇంటి పిల్లవాడికి మార్కులు రాకపోతే అది వాడి తెలివికి కొలత ఎలా అవుతుంది? కొవెల్లో చేతిపనిని తక్కువ చూసే మనిషి కాదు. తన నాన్న కూలి. కానీ ఒక బస్తీ మొత్తానికి చేతిపని బడి మాత్రమే ఇవ్వడమంటే, మీ పిల్లలు ఇంతకుమించి ఎదగరు అని గోడమీద రాసిపెట్టడమే అన్నది ఆయన వాదన. ఆ రెండూ ఉన్న బడే ఇవ్వండి, పిల్లవాడు మనసు మార్చుకుంటే గది మారే దారి ఉంచండి అని పోరాడాడు. నా మట్టుకు నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా గట్టి పని ఇదే అనిపిస్తుంది.

1934లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ హైస్కూలు తెరిచారు. ఆయనే మొదటి ప్రిన్సిపాల్. మేయరుగా అప్పుడే గద్దెనెక్కిన లా గార్డియా కూడా ఇటలీ మూలాలవాడే. ముందు పాత భవనాల్లో నడిచింది. 1942లో నది ఒడ్డున ప్లెజెంట్ అవెన్యూలో కొత్త భవనం వచ్చింది. ఈ బడి సాయంత్రం గంట కొట్టగానే తలుపులు మూసేది కాదు. చీకటి పడ్డాక పెద్దవాళ్లు ఇంగ్లిషు నేర్చుకోవడానికి, పౌరసత్వ పరీక్షకు తయారవడానికి వచ్చేవారు. కుర్రాళ్లు ఆటలకు వచ్చేవారు. తల్లి బడికి వస్తే ఆమె భాషలో మాట్లాడే టీచరు ఉండేవాడు. ఓట్స్ పొట్లాం గుర్తుంది కదా!

బడికి రావడానికి జంకేవాళ్ల కోసం చుట్టుపక్కల వీధుల్లో ఖాళీ దుకాణాలు అద్దెకు తీసుకున్నారు. విద్యార్థులూ ఇరుగుపొరుగూ కలిసి ఊడ్చి రంగులు వేశారు. వాటిలో ఒకటి చదువు మానేసిన కుర్రాళ్ల క్లబ్బు. ఎందుకు మానేశావని మందలించే చోటు కాదది. వచ్చి కూర్చో, మాట్లాడు, కావాలంటే మళ్లీ బడికి వెళ్దువుగాని అనే చోటు. తాను మానేసిన రోజున ఎవరూ అడగలేదన్న ముల్లు ఇక్కడ పువ్వయింది.

విద్యార్థులు వీధివీధీ తిరిగి పటాలు గీశారు: ఏ బ్లాకులో ఎవరుంటున్నారు, ఇళ్లు ఎలా ఉన్నాయి అని. ఆరోగ్యం మీద, ఇళ్ల మీద బడివాళ్లూ బస్తీవాళ్లూ కలిసిన కమిటీలు వేశారు. గాలి వెలుతురు లేని గదుల్లో క్షయ పెరిగే చోట, జిమ్‌లో డ్రిల్లు చేయిస్తే సరిపోదని ఆయనకు తెలుసు. మంచి ఇళ్లు కావాలని బడీ బస్తీ కలిసి చేసిన ఆందోళన తర్వాత 1941లో ఈస్ట్ రివర్ హౌసెస్ అనే ప్రభుత్వ గృహసముదాయం తెరిచారు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికాలో చాలా హైస్కూళ్లు కుర్రాళ్లను సైన్యానికి సిద్ధం చెయ్యడానికి కసరత్తులు పెంచాయి. వ్యాయామమంటే బస్తీ ఆరోగ్యం దాకా అని కొవెల్లో వేసిన లెక్క మాత్రం వేరు.

1944లో, యాభయ్యారేళ్ల వయసులో, ప్రిన్సిపాల్‌గా ఉంటూనే న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పూర్తిచేశాడు. విషయం, దక్షిణ ఇటలీ కుటుంబాలు బడిని ఎలా చూశాయి అన్నది. పల్లెలో పన్నెండేళ్లొచ్చిన కొడుకు పొలానికి చెయ్యి. వాణ్ణి పద్దెనిమిదేళ్లదాకా బెంచీ మీద కూర్చోబెట్టమంటే తండ్రికి అది ఇంటికి ద్రోహంలా కనిపిస్తుంది. పిల్లాణ్ణి బడికి పంపని తండ్రిని మూర్ఖుడని తీసిపారెయ్యకుండా, ఆయన లెక్క ఏమిటో కూర్చుని అర్థం చేసుకున్న పుస్తకమది.

అన్నీ విజయాలే అనుకోకండి. 1945 శరత్కాలంలో బడి దగ్గర ఇటలీ కుర్రాళ్లకూ నల్లజాతి కుర్రాళ్లకూ కొట్లాటలు జరిగాయి. పత్రికలు వాటిని జాతి అల్లర్లుగా పెద్దవి చేసి రాశాయి. అన్ని జాతులవాళ్లూ కలిసి ఉండాలని పదేళ్లుగా నేర్పుతున్న బళ్లో ఇలా జరగడం ఆయనకు ఎంత దెబ్బో ఊహించండి. తల్లిదండ్రులనూ పిల్లలనూ పిలిపించి మాట్లాడాడు. ఆ అక్టోబరులో ఇటలీ మూలాలున్న గాయకుడు ఫ్రాంక్ సినాత్రా కూడా బడికి వచ్చి పిల్లలతో మాట్లాడి వెళ్లాడు. తర్వాతి ఏళ్లలో ప్యూర్టోరికో నుంచి వచ్చినవాళ్లు బస్తీలో పెరిగారు. పాత ఇటలీ కుటుంబాల్లో కొందరు, ఒకప్పుడు తమను అన్న మాటలే వీళ్లను అన్నారు. కొవెల్లో మాత్రం ఇటాలియన్‌కు చేసిన పోరాటమే స్పానిష్‌కూ చేశాడు.

1956లో రిటైరయ్యాడు. ఆ తర్వాత కూడా ప్యూర్టోరికో వలస కుటుంబాల కోసం పనిచేశాడు. 1958లో ఆయన ఆత్మకథ వెలువడింది. 1972లో, ఎనభై నాలుగేళ్ల వయసులో, సామాజిక కార్యకర్త దనీలో దోల్చీ పిలుపు మీద సామాను సర్దుకుని ఇటలీకి వెళ్లిపోయాడు. పుట్టిన కొండ ఊరికి కాదు, సిసిలీ ద్వీపానికి. అక్కడి పేదల మధ్య పనిచేస్తూ 1982లో మెస్సీనాలో కన్నుమూశాడు.

ఆ ఏడాదే న్యూయార్క్‌లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ హైస్కూలును, ఫలితాలు బాగా పడిపోయాయని మూసేశారు. ప్లెజెంట్ అవెన్యూ భవనం మాత్రం అలాగే ఉంది. అందులో ఇప్పుడు సైన్సు, గణితం పేరుతో నడిచే ప్రభుత్వ హైస్కూలు ఉంది.