జగదీశచంద్ర బోసు

విత్తు మొలకెత్తుటను అందరును చూచుచుందురు. కాని మొక్క ఎదుగుచుండగా ఆ కదలిక కంటికి సులభముగా కానరాదు. ఆ వింతను వందలమందికి ఒక్కసారిగా చూపిన మహనీయుడు జగదీశచంద్ర బోసు.

ఆయన 1858 నవంబరు 30వ తేదీన వంగదేశమందలి మైమెన్‌సింగులో జన్మించెను. తండ్రి భగవాన్ చంద్రుడు ప్రభుత్వోద్యోగి యయ్యును కుమారుని మొదట మాతృభాషా పాఠశాలకే పంపెను. అచ్చట రైతుల బిడ్డలతోను, జాలరుల బిడ్డలతోను కలసి చదివిన బాలునకు ప్రకృతిపై మక్కువ కలిగెను. పిదప కలకత్తాలో లాఫాంటు అను గురువు ప్రయోగములు చేసి చూపుచు చెప్పిన పాఠములు ఆయన మనసున చెరగని ముద్ర వేసెను.

ఇంగ్లండులో విద్య ముగించి, 1885లో బోసు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యుడయ్యెను. ఐరోపీయులకంటె తనకు తక్కువ జీతము నిర్ణయింపబడుటచే, మూడేండ్లు జీతము ముట్టక పాఠములు చెప్పెను. తుదకు ప్రభుత్వము పూర్తి జీతమును బకాయితో సహా చెల్లించెను.

విద్యుత్తరంగములను పరిశోధించిన పిమ్మట ఆయన దృష్టి మొక్కలవైపు మరలెను. జంతువుల కండరములవలెనే మొక్కలును తాకిడికి స్పందించునని 1901లో లండను పండితులకు ప్రయోగములతో చూపెను. కొందరు నమ్మరైరి. బోసు వారిపై కోపింపక, మొక్కచేతనే సాక్ష్యము చెప్పింపనెంచెను. అత్తిపత్తి ఆకునకు సన్నని దారము కట్టి, దాని కదలికను మసి పూసిన గాజుపలకపై వ్రాయించెను. 1914లో ఆ మొక్కలను సముద్రము దాటించి విదేశ సభలలో ప్రదర్శించెను.

ఆయన నిర్మించిన క్రెస్కోగ్రాఫు ఎదుగుదలను పదివేల రెట్లు పెంచి చూపెను. తరువాతి అయస్కాంత పరికరము కోటి రెట్లవరకు పెంచెను. అందలి చిన్న అద్దమునుండి వెలువడిన కాంతిబిందువు తెరపై కదలుచుండ, వెనుక వరుసనున్నవారును మొక్క ఎదుగుటను చూడగలిగిరి. చల్లని నీరు తగిలిన బిందువు మందగించును. వెచ్చని నీరు తగిలిన వేగము పుంజుకొనును.

1917లో తన జన్మదినమున బోసు కలకత్తాలో విజ్ఞానమందిరమును స్థాపించెను. 1920లో లండనున క్రెస్కోగ్రాఫుపై మరల సందేహములు రాగా, నిపుణుల యెదుట దానిని నడపి చూపెను. కొలతలు సరియైనవేయని వారు పత్రికాముఖమున ప్రకటించిరి. ఆ యేడే ఆయన రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను.

మొక్కలకును నరములవంటివి కలవన్న ఆయన భావనపై వాదములు పిదపను సాగెను. కాని చెప్పినదానిని పదిమంది యెదుట చూపవలెనను ఆయన నియమమునకు తిరుగు లేదు. 1937 నవంబరు 23న గిరిడీలో ఆయన పరమపదించెను. శంకించువానికి కోపముతో గాక ప్రయోగముతో బదులు చెప్పుటయే శాస్త్రజ్ఞుని ధర్మమని ఆయన జీవితము చాటుచున్నది.