మన నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి: చెంగల్పట్టు బిడ్డ రాందాస్ కటారి

 

కోవిల్పట్టిలోనో విరుదునగర్‌లోనో రాత్రి రైలెక్కి చెన్నైకి పోయినవాళ్లందరికీ ఒక ఊరు తెలిసే ఉంటుంది. తెల్లవారే వేళకు రైలు ఒక పెద్ద చెరువు పక్కన పోతుంది. టీ అమ్మేవాళ్ల కేకలు వినిపిస్తాయి. సగం నిద్రలో ఉన్న మీరు, ఇంకో గంటలో చెన్నై వచ్చేస్తుందని సామాన్లు సర్దుకోవడం మొదలుపెడతారు. ఆ ఊరే చెంగల్పట్టు. భారత నౌకాదళానికి అధిపతి అయిన మొదటి భారతీయుడు అక్కడే పుట్టాడని మనలో చాలామందికి తెలియదు. ఆయన మన తెలుగింటి బిడ్డ అని తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. అందుకే ఈసారి ఆయన కథ చెప్పుకుందాం.

ఆయన పేరు రాందాస్ కటారి. 1911 అక్టోబరు 8న, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని చెంగల్పట్టులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. చుట్టూ తమిళం, ఇంట్లో తెలుగు, పై చదువుకు ఇంగ్లీషు. మన పిల్లలకు ఇది కొత్త సంగతేమీ కాదు కదా!

ఇప్పుడు ఒక ప్రశ్న. ఆ రోజుల్లో ఒక కుర్రవాడు ఓడలో అధికారి కావాలనుకుంటే ఎక్కడికి పోవాలి? దీనికి జవాబు మన పక్క ఊళ్లోనే ఉంది. ఒట్టపిడారంలో పుట్టిన వ.ఉ. చిదంబరం పిళ్లై గారు 1906లో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టి, తూత్తుకుడి నుంచి కొలంబోకు ఓడలు నడిపారు. తెల్లవాళ్ల కంపెనీకి అది గిట్టలేదు. 1908లో ఆయన్ను జైల్లో వేశారు. కంపెనీ మూతపడింది. జైలు నుంచి వచ్చాక కొన్నేళ్లు ఆయన మన కోవిల్పట్టిలోనే వకీలుగా పనిచేశారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అప్పట్లో మన సముద్రం మనది కాదు. ఓడలో బొగ్గు వేసే పని, తాళ్లు లాగే పని మనవాళ్లది. ఓడ నడిపే చక్రం మాత్రం తెల్లవాళ్ల చేతుల్లో ఉండేది. నౌకాసేనలో మొదటి భారతీయ అధికారికి చోటు దొరికింది 1928లో అంటే చూడండి.

దేశంలో ఒత్తిడి పెరిగాక, 1927లో బొంబాయి రేవులో ‘డఫరిన్’ అనే ఓడను శిక్షణ బడిగా మార్చారు. అది యుద్ధనావికుల కోసం కాదు, సరుకుల ఓడలకు భారతీయ అధికారులను తయారుచేయడం కోసం. ఆ ఓడ మీద చేరిన మొట్టమొదటి జట్టులో మన రాందాస్ ఉన్నాడు. అప్పటికి అతనికి పదహారేళ్లు. అంటే ఇప్పటి మన ప్లస్ వన్ పిల్లవాడి వయసు. ముందు పోయినవాళ్లు లేరు, అడిగి తెలుసుకుందామంటే అన్నలు లేరు. చదువు అయ్యాక ఉద్యోగం ఇచ్చేదెవరో కూడా గట్టిగా తెలియదు. అయినా చేరాడు. చేరడమే కాదు, జట్టులో అందరికంటే మిన్నగా నిలిచి వైస్రాయి బంగారు పతకం కూడా అందుకున్నాడు.

పతకం వచ్చింది కదా, ఇక నేరుగా పైకి పోయాడనుకుంటున్నారా? లేదు. యుద్ధనౌకల వాకిలి అతనికి తెరుచుకోలేదు. కలకత్తా పోర్టులో, హుగ్లీ నది సర్వే పనిలో చేరాడు.

ఆ పని ఏమిటో పిల్లలకు కొంచెం చెప్పాలి. కలకత్తా రేవు సముద్రం ఒడ్డున లేదు. సముద్రం నుంచి నదిలో చాలా దూరం లోపలికి పోవాలి. హుగ్లీ అడుగున ఇసుక ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. నిన్న లోతుగా ఉన్న చోట ఇవాళ ఓడ ఇసుకలో కూరుకుపోవచ్చు. దానికి తోడు ఆటుపోట్లు. కాబట్టి రోజూ పడవలో పోయి, లోతు కొలిచి, పటం గీసి, ఓడలకు దారి చూపాలి. చప్పట్లు కొట్టేవాళ్లుండరు. తప్పు జరిగితే మాత్రం ఒక ఓడ పోతుంది. కటారి ఏళ్ల తరబడి ఈ పనే చేశారు. పైకి కనిపించే నీళ్లను నమ్మకుండా అడుగు ఎంతుందో కొలిచి చూసుకోవడం ఆ రోజుల్లో ఆయనకు నిత్యకృత్యం.

1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. నౌకాసేనకు అధికారులు చాలలేదు. అంతవరకూ మూసి ఉన్న వాకిలి అవసరం కొద్దీ తెరుచుకుంది. కటారి రిజర్వు అధికారిగా అందులోకి వచ్చారు. నీళ్ల కింద దాక్కొని వచ్చే శత్రు జలాంతర్గాములను పసిగట్టి ఎదుర్కొనే విద్యలో ప్రత్యేక శిక్షణ పొందారు. యుద్ధం ముగిశాక చాలామంది రిజర్వు అధికారులు పాత ఉద్యోగాలకు తిరిగి పోయారు. కటారి మాత్రం నౌకాదళంలోనే శాశ్వత అధికారిగా ఉండిపోయారు.

1947లో స్వాతంత్ర్యం వచ్చింది. దేశం రెండుగా చీలింది. ఉన్న కొద్దిపాటి ఓడలను, మనుషులను కూడా పంచుకోవలసి వచ్చింది. నిన్నటిదాకా ఒకే బల్ల మీద భోంచేసినవాళ్లు వేర్వేరు జెండాల కిందికి పోయారు.

ఇక్కడి నుంచి తేదీలు కాస్త గమనించండి. సైన్యానికి భారతీయ అధిపతి 1949లోనే వచ్చారు, ఆయన కరియప్ప గారు. వైమానిక దళానికి 1954లో సుబ్రతో ముఖర్జీ గారు వచ్చారు. నౌకాదళంలో మాత్రం స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా హాల్, ప్యారీ, పిజీ, కార్లిల్ అని ఒకరి తరువాత ఒకరుగా నలుగురు బ్రిటిష్ అధికారులే అధిపతులుగా కొనసాగారు.

మనవాళ్లను అవమానించాలనే అలా చేశారా? అంత తేలిక కాదు. నలభై మందిని నడిపిన అనుభవం ఒకటి, నాలుగు వందల మంది ఉన్న ఓడను నడిపిన అనుభవం ఇంకొకటి. పది ఓడలను ఒకేసారి, చీకట్లో, తుఫానులో నడపడం వేరే విద్య. అది పుస్తకంతో రాదు, ఏళ్లు పడుతుంది. మనవాళ్లను ఆలస్యంగా చేర్చుకున్నారు కాబట్టి 1947 నాటికి ఒక్క భారతీయుడూ అడ్మిరల్ హోదాకు చేరలేకపోయాడు. ముందు వాకిలి మూసి, తరువాత అనుభవం చాలదు అన్నారన్నమాట. ఆ అన్యాయం నిజం. అనుభవం చాలని మాటా నిజమే. రెండూ నిజమైనప్పుడు ఏం చేయాలి? కోపంతో కూర్చోవచ్చు, లేదా ఆ అనుభవం సంపాదించవచ్చు. కటారి, ఆయన తోటివాళ్లు రెండో దారి పట్టారు. దానికి పదకొండేళ్లు పట్టింది.

1956 అక్టోబరు 2, గాంధీ జయంతి రోజు. రియర్ అడ్మిరల్ కటారి భారత నౌకా సమూహానికి కమాండర్‌గా బాధ్యతలు తీసుకున్నారు. సముద్రం మీద మన యుద్ధనౌకలన్నిటినీ ఒక భారతీయ అధికారి నడపడం అదే మొదటిసారి. ఇంకో ఆరు రోజులకు ఆయనకు 45 ఏళ్లు నిండాయి.

నాకు మాత్రం ఆయన జీవితంలో అసలు పరీక్ష ఇదే అనిపిస్తుంది. ఎందుకంటే, ఢిల్లీలో కుర్చీలో కూర్చున్నవాడి తప్పు ఫైల్లో దాగుతుంది. సముద్రం మీద తప్పు దాగదు. ఆ పద్దెనిమిది నెలల్లో ఏదైనా పెద్ద పొరపాటు జరిగి ఉంటే, మనవాళ్లు ఇంకా సిద్ధంగా లేరు అనేవాళ్లకు అది చాలు. ఒక్క మనిషి తప్పు ఒక తరానికంతా అడ్డం పడేది. ఆ భారం మోస్తూ ఆయన నౌకా సమూహాన్ని నడిపారు. 1957లో ‘మైసూర్’ అనే పెద్ద క్రూయిజర్ నౌకాదళంలో చేరింది కూడా ఆ కాలంలోనే.

1958 ఏప్రిల్ 22న వైస్ అడ్మిరల్ స్టీఫెన్ కార్లిల్ నుంచి రాందాస్ కటారి నౌకాదళ ప్రధానాధికారిగా బాధ్యతలు అందుకున్నారు. అప్పుడాయనకు 46 ఏళ్లు. డఫరిన్ ఓడ ఎక్కిన పదహారేళ్ల కుర్రవాడు ఆ చోటికి రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. అప్పుడు మన రాష్ట్రాన్ని ఏలుతున్నది విరుదునగర్ బిడ్డ కామరాజర్. మామూలు ఇళ్ల పిల్లలు పెద్ద బాధ్యతలకు చేరుతున్న కాలం అది.

ఇక్కడ చిన్న మాట. అందరూ ఆయన్ను అడ్మిరల్ కటారి అంటారు గానీ, ఆయన పదవిలో ఉన్నన్నాళ్లూ హోదా వైస్ అడ్మిరలే. అప్పటి మన నౌకాదళం చిన్నది. దాని అధిపతికి పూర్తి అడ్మిరల్ హోదా 1968లో గానీ రాలేదు. క్విజ్ పోటీలకు పోయే పిల్లలు ఇది రాసిపెట్టుకోండి.

ఆయన పదవిలో ఉన్న నాలుగేళ్లలో మూడు పెద్ద సంగతులు జరిగాయి. మొదటిది, 1960లో బొంబాయిలోని మజగావ్ డాక్, కలకత్తాలోని గార్డెన్ రీచ్ నౌకా కర్మాగారాలు ప్రభుత్వం చేతికి వచ్చాయి. ఇప్పుడు మన యుద్ధనౌకలు మనమే కట్టుకుంటున్నామంటే దానికి పునాది అక్కడే. రెండోది, మన మొదటి విమాన వాహక నౌక ‘విక్రాంత్’. అది 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్‌లో మన జెండా ఎత్తి, నవంబరులో బొంబాయి చేరింది. మూడోది, అదే ఏడు డిసెంబరులో గోవా విముక్తి. మన నౌకలు పోర్చుగీసు యుద్ధనౌకను ఓడించాయి. కానీ అంజదీవ్ ద్వీపం మీద దిగిన మన నావికుల్లో ఏడుగురు ప్రాణాలు విడిచారు. గెలిచిన రోజు కూడా ఏదో ఒక ఇంట్లో దీపం ఆరుతుంది. పై అధికారి కావడం అంటే ఆ లెక్క కూడా తన ఖాతాలో రాసుకోవడమే.

1962 జూన్ 4న ఆయన పదవీ విరమణ చేశారు. యాభై ఏళ్లకే రిటైర్మెంట్! తరువాత ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు అధ్యక్షుడయ్యారు. ఓడల పెద్దమనిషి బస్సుల పనికి వచ్చాడని నవ్వుకోకండి. వేలమంది మనుషులు, వందల బండ్లు, వేళకు బయలుదేరడం, వేళకు చేరడం, ఇవి రెండు చోట్లా ఒకటే. 1964 నుంచి 1969 దాకా బర్మాలో మన రాయబారిగా ఉన్నారు. అది చాలా కష్టకాలం. అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలను, వ్యాపారాలను జాతీయం చేయడంతో, తరాలుగా అక్కడ బతికిన తమిళ, తెలుగు కుటుంబాలు కట్టుబట్టలతో ఓడలెక్కి వచ్చేశాయి. మన జిల్లాల పెద్దవాళ్లను అడగండి, బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ల కథలు ఇంకా చెబుతారు.

1982లో ఆయన ‘ఎ సెయిలర్ రిమెంబర్స్’ అని తన జ్ఞాపకాలను పుస్తకంగా తెచ్చారు. మరుసటి ఏడే, 1983 జనవరి 21న, సికింద్రాబాద్‌లో కన్నుమూశారు. కొచ్చి నౌకా స్థావరంలో నావికుల కుటుంబాలు నివసించే ప్రాంతాన్ని ఇవాళ్టికీ ‘కటారి బాగ్’ అనే పిలుస్తారు. పిల్లలు ఆడుకునే చోటికి పేరు నిలవడం కంటే ప్రేమకు వేరే గుర్తు ఏం కావాలి?

పిల్లలూ, ఈ కథలో మీరు పట్టుకోవలసింది ఒక్కటే. కటారి గారికి కావలసిన వాకిలి ఆయన ముందు ఎప్పుడూ నేరుగా తెరుచుకోలేదు. సరుకుల ఓడల బడి, నది సర్వే, రిజర్వు ఉద్యోగం, ఇవన్నీ పక్కదారులే. కానీ ఏ దారిలో ఉన్నా అక్కడి పని పూర్తిగా నేర్చుకున్నారు. అసలు వాకిలి తెరుచుకున్న రోజున ఆయన సిద్ధంగా ఉన్నారు.

తల్లిదండ్రులకు ఒక మనవి. నీట్, ఇంజినీరింగ్ తప్ప వేరే దారి లేదని పిల్లలను కట్టేయకండి. ప్లస్ టూలో గణితం, భౌతికశాస్త్రం చదివేవాళ్లు యూపీఎస్‌సీ పెట్టే ఎన్‌డీఏ పరీక్ష రాసి నౌకాదళ అధికారి కావచ్చు. 2022 నుంచి ఎన్‌డీఏలో ఆడపిల్లలు కూడా చేరుతున్నారు. సరుకుల ఓడల వైపు పోవాలనుకుంటే చెన్నైలోనే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఉంది. ఆనాటి డఫరిన్ పని ఇప్పుడు అలాంటి చోట్ల జరుగుతున్నది.

ఇంకొక్క మాట. మనకు ముప్పై కిలోమీటర్ల లోపే ఉన్న కయత్తారులో 1799లో వీరపాండ్య కట్టబొమ్మన్‌ను ఉరితీశారు. ఆయన కూడా తెలుగు మాట్లాడే వంశంవాడే. నీళ్ల అడుగున ఉన్న మన జలాంతర్గాములకు సందేశాలు పంపే నౌకాదళ కేంద్రం తిరునెల్వేలి దగ్గర ఉంది. 1990లో ప్రారంభమైన ఆ కేంద్రం పేరు ఐఎన్ఎస్ కట్టబొమ్మన్. సముద్రం కనిపించని కరిసల్ నేల మనది. అయినా సముద్రానికి మనం అంత దూరం వాళ్లమేమీ కాదు.

ఈసారి చెన్నై రైల్లో పోయేటప్పుడు చెంగల్పట్టు దగ్గర ఒక్క నిమిషం కళ్లు తెరవండి. పక్కన కూర్చున్న తమ్ముడికో చెల్లెలికో ఈ కథ చెప్పండి, తెలుగులోనే చెప్పండి.