పల్లె స్త్రీల చెంతకు మాతాశిశు సేవలు: దుర్గాబాయి దేశ్‌ముఖ్ కృషి

హైదరాబాద్, జులై 15: కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలు, ఆంధ్ర మహిళా సభ వ్యవస్థాపకురాలు శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ జయంతి నేడు. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా ఖద్దరు ప్రదర్శనశాల ద్వారం వద్ద టిక్కెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూను నిలిపివేసిన బాలికగా ఆమె పేరు అందరికీ పరిచితమే. గ్రామీణ స్త్రీలకు, శిశువులకు ఆరోగ్య సంరక్షణ అందించేందుకు ఆమె చేసిన కృషి మాత్రం అంతగా ప్రస్తావనకు రాదు.

దుర్గాబాయి 1909 జులై 15న రాజమండ్రిలో జన్మించారు. ఎనిమిదేళ్ల ప్రాయంలోనే వివాహం జరిగింది. ఊహ తెలిసిన తరువాత ఆ బంధం నుంచి ఆమె వైదొలగగా, కుటుంబం అండగా నిలిచింది. పదిహేనేళ్లు నిండకముందే కాకినాడలో బాలికలకు హిందీ పాఠశాల నడిపారు. 1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని కారాగారవాసం అనుభవించారు. 1933 నాటికి మూడు పర్యాయాలు జైలుకు వెళ్లారు. చేసిన నేరమేమిటో, పడిన శిక్ష ఎందుకో తెలియని నిరక్షరాస్య స్త్రీ ఖైదీలను అక్కడ చూసి న్యాయశాస్త్రం చదవాలని నిశ్చయించుకున్నారు. పాఠశాల చదువు మధ్యలో ఆగిపోయిన ఆమె బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకు ప్రైవేటుగా కూర్చుని ఉత్తీర్ణులయ్యారు. ఆపై ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఎ., 1942 నాటికి మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా సాధించారు. ఈ అడ్డదారి చదువే ఆమె తరువాత రూపొందించిన ఒక పథకానికి మూలమైంది.

1937లో మద్రాసులో ఆమె నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభ కూడా చదువు ఆగిపోయిన స్త్రీలను అదే బెనారస్ పరీక్షకు సిద్ధపరచడంతోనే పేరు గడించింది. క్రమంగా స్త్రీలకు నర్సింగ్ హోమ్, నర్సుల శిక్షణ, అడయారులో పోలియో బారినపడిన పిల్లలకు ఆర్థోపెడిక్ చికిత్సా కేంద్రం ఏర్పడ్డాయి.

రాజ్యాంగ నిర్మాణ సభలో సభ్యత్వం, 1952లో ప్రణాళికా సంఘంలో స్థానం ఆమె కార్యరంగాన్ని విస్తరింపజేశాయి. 1953 జనవరిలో నాటి కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీ సి.డి. దేశ్‌ముఖ్‌తో వివాహం జరిగింది. అదే ఏడాది ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడగా అధ్యక్ష బాధ్యత స్వీకరించారు. స్వచ్ఛంద సంస్థలకు తోడ్పడేందుకు మొదటి పంచవర్ష ప్రణాళికలో 4 కోట్ల రూపాయలు కేటాయించారు. అయితే సాయం పొందదగిన సంస్థలు అత్యధికం పట్టణాలలోనే ఉన్నాయి. నిధులు సంస్థల వెంట నడిస్తే పల్లెలకు చేరవని గ్రహించిన బోర్డు 1954లో సంక్షేమ విస్తరణ పథకాలను ప్రారంభించింది. ఒక్కొక్క పథకం కింద సుమారు 25 గ్రామాలు ఉండేవి. బాలవాడి, ప్రసూతి, శిశు సంరక్షణ, వయోజన స్త్రీలకు అక్షరాస్యత, చేతిపనుల శిక్షణ ఒకే కేంద్రంలో లభించేవి. గ్రామసేవిక, మిడ్‌వైఫ్, చేతిపనుల శిక్షకురాలు అక్కడే ఉండి పనిచేయాలి. నిర్వహణ స్థానిక మహిళలు అధిక సంఖ్యలో గల కమిటీలకు అప్పగించారు.

చిక్కు ఇక్కడే వచ్చింది. ఆ రోజులలో పల్లెలలో కాన్పు సాధారణంగా ఇంటిలోనే, శిక్షణ లేని మంత్రసాని చేతుల మీదుగా జరిగేది. పురుష వైద్యునికి బాధ చెప్పుకునేందుకు స్త్రీలు సంకోచించేవారు. అందుచేత పల్లెలో నివసించే స్త్రీ కార్యకర్త లేనిదే కేంద్రం తెరచినా ప్రయోజనం లేదు. మిడ్‌వైఫ్ శిక్షణకు కావలసిన పాఠశాల చదువు గల స్త్రీలు పల్లెలలో బహు అరుదు. పట్టణంలో చదివిన యువతులు మారుమూల గ్రామంలో ఒంటరిగా ఉండేందుకు వెనుకాడేవారు. భవనాలు, మందులు కొనవచ్చును గాని ఈ కొరతను డబ్బు ఒక్కటే తీర్చలేదు.

దీనికి సమాధానంగా 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులను బోర్డు ప్రవేశపెట్టింది. చదువు మానివేసిన స్త్రీలను, వితంతువులను, భర్త ఆదరణ కరవైనవారిని రెండేళ్ల వ్యవధిలో పరీక్షలకు సిద్ధపరచి, ఆపై నర్సులు, మిడ్‌వైఫ్‌లు, గ్రామసేవికలు, బాలసేవికలు, ఉపాధ్యాయినులుగా శిక్షణ పొందేందుకు అర్హత కల్పించడం దీని ఉద్దేశం. ఆమె స్వయంగా నడిచిన బాటనే ప్రభుత్వ పథకంగా మలచారనవచ్చును. ఆసుపత్రికి, బడికి వేర్వేరు పద్దులు రాసుకునే పాలనా విధానంలో ఇది చిన్న మార్పు కాదు.

సంక్షేమ విస్తరణ పథకాలు ఆ రూపంలో ఎక్కువ కాలం నిలువలేదు. కొన్ని సమాజ వికాస పథకాలతో అనుసంధానమయ్యాయి, మరికొన్ని మహిళా మండలులకు సంక్రమించాయి. తల్లికీ బిడ్డకూ కావలసిన సేవలు గ్రామంలోనే ఒకచోట, స్థానిక స్త్రీ ద్వారా అందాలన్న సూత్రమే 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలోనూ, దాని అంగన్‌వాడీ కేంద్రాలలోనూ కానవస్తుంది.

1962లో ఢిల్లీలో ఆమె నెలకొల్పిన సామాజిక అభివృద్ధి మండలి, 1970వ దశకం తొలినాళ్లలో మహబూబ్‌నగర్ జిల్లా గ్రామాలలో తల్లులకు అక్షరాస్యతను, శిశు పోషణ, ఆరోగ్య పరిజ్ఞానాన్ని జోడించి ఒక ప్రయోగం నిర్వహించింది. చదువు ముందా, ఆరోగ్యం ముందా అన్న చర్చకు తావివ్వక రెండింటినీ ఒకేచోట బోధించడం దాని విశేషం. ఆంధ్ర మహిళా సభ కార్యక్రమాలు హైదరాబాదుకూ విస్తరించాయి. విద్యానగర్‌లోని ఆసుపత్రికి ఆమె పేరే ఉంది.

1975లో పద్మవిభూషణ్ పురస్కారం అందుకున్న శ్రీమతి దుర్గాబాయి 1981 మే 9న కన్నుమూశారు.